మూడు కోసుల కొండ

నా చిన్నప్పుడు మా కొండ పొడవు ఆరు మైళ్ళు. మా ఇంట్లో ఎవరిని అడిగినా ఈ మాటే చెప్పేవారు. బడిలో రాష్ట్రాల రాజధానులు వల్లె వేయకముందే నాకు ఇది వచ్చు. మేము గెడ్డ అనే కొండవాగు ఒడ్డున ఉన్న హద్దు రాయి దగ్గర మొదలై ఉత్తరంగా మూడు కోసులు, అంటే ఆరు మైళ్ళు, మాది. అప్పటికే దాని మీద మాకు పేరు తప్ప పెద్దగా ఏమీ మిగల్లేదు. అయినా ఆ ఆరు మైళ్ళలో ఒక్క గజం కూడా మేము తగ్గించి చెప్పేవాళ్ళం కాదు.

ముఠా అంటే ఇప్పటి పిల్లలు దొంగల గుంపు అనుకుంటారు. పాలకొండ దాటి సీతంపేట వైపు వెళ్తుంటే వరిచేల మధ్యలోంచి ఉన్నట్టుండి కొండలు లేస్తాయి. పడమర నాగావళి, తూర్పున వంశధార, వాటి మధ్య ఈ కొండల వరస. దాని వీపు దాటితే ఒరిస్సా. ఆ కొండల్లోని పల్లెలు కొన్ని కలిపితే ఒక ముఠా. శిస్తు వసూలు చేయడం, కనుమ దారుల్ని కాపాడడం ఒక కుటుంబం పని. మాది ఏడు ఊళ్ళ ముఠా. మమ్మల్ని దొరలనేవారు. నాకు ఊహ తెలిసేసరికి మా పెద్ద సావిడి ఎరువుల గోదాము అయింది. తాతయ్య భోజనానికి కూర్చుంటే యూరియా వాసన గుప్పున వచ్చేది. ఆయన ఆ వాసన లేనట్టే తినేవారు. మేమూ అలాగే తినేవాళ్ళం.

మా ఇంట్లో చెదలు పట్టకుండా మిగిలిన పాత కాయితం ఒక్కటే, మా ముఠా హద్దుల కాయితం. గొలుసుకట్టు రాతలో ఉండేది, అక్షరం ఎక్కడ తెగుతుందో తెలియదు. తాతయ్య చూపు మందగించాక, ఆ రాత చదివేవాళ్ళు ఇంట్లో ఒకరైనా ఉండాలని నాకు నేర్పారు. మా నాన్న బొబ్బిలిలో ఒక రైసు మిల్లులో గుమాస్తా. నెలకోసారి వచ్చేవారు. ఆయనకు దాని మీద ఆసక్తి లేదు. అందుకని పదకొండేళ్ళకే ఆ కాయితానికి నేను వారసురాలినయ్యాను.

అరవయ్యో దశకం చివరి రోజులు. ముఠాలు రద్దవుతాయని అందరికీ తెలిసిపోయింది. ఏ కొండ ముఠాలోది, ఏది అడవి శాఖది అని తేల్చడానికి ఒక సర్వేయరు గారు వచ్చారు. మా కొండ మీద ఒక్క చోటే తగాదా. గెడ్డకి పైన పదకొండు ఇళ్ళ సవర గిరిజనుల గూడ ఒకటి ఉంది. గెడ్డ దాకానే ముఠా, ఆపైన అంతా అడవి అని అడవి శాఖ వారి గీత. అదే ఖాయమైతే ఆ పదకొండు ఇళ్ళవాళ్ళూ తాతల నాడు నాటుకున్న పనసలు, చింతలు, అల్లం మళ్ళు వదిలి కిందికి దిగిపోవాలి. గూడ ముఠా హద్దులోదే అని తేలితే ఎవరి చెక్క వాళ్ళకి పట్టా అవుతుంది. మాకు వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. కానీ వాళ్ళకి సాక్ష్యం చెప్పగలిగింది మా కాయితం ఒక్కటే.

తాతయ్య కొండకి వెళ్ళలేదు. మోకాళ్ళ నొప్పి అని కబురు పంపారు. నొప్పి నిజమే. తన కొండ మీద ఒక ఉద్యోగి వెనకాల నడవలేకపోవడం అంతకంటే నిజం. కాయితం చదవడానికి నన్ను పంపారు. బయలుదేరేముందు, అడిగినదానికే జవాబు చెప్పమని, ఎక్కడా కూలబడొద్దని చెప్పారు.

గెడ్డ ఒడ్డున హద్దు రాయి దగ్గర నలుగురం చేరాం. సర్వేయరు గారు గోదావరి వైపు మనిషి, నెమ్మదస్తుడు. ఆయన వెంట కొలత గొలుసు మోసే మనిషిది చీపురుపల్లి, నోటి దురద ఎక్కువ. నాలుగో ఆయన ఆ గూడకి పెద్ద. నేను సవర తాత అనేదాన్ని. భుజాన గొడ్డలి, నడుముకి పొగాకు తిత్తి, తప్పితే ఆయన దగ్గర ఏమీ లేవు.

కాయితం విప్పి పైకి చదివాను. గెడ్డ ఒడ్డు రాతి నుంచి ఉత్తరంగా మూడు కోసులు పోయి, మూడు గీతల రాయి వరకు, చైత్ర మాసమున నడిచి చూచినది. కోసంటే ఎంత అని సర్వేయరు గారు నన్నే అడిగారు. రెండు మైళ్ళు, మూడు కోసులకి ఆరు మైళ్ళు అని గడగడా చెప్పాను. ఆయన పటం మీద స్కేలు పెట్టి కొలిచి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆరు మైళ్ళంటే కొండ దాటి ఒరిస్సాలో పడతాం పాపా. పక్క రాష్ట్రం కూడా మీదేనా?"

గొలుసు మనిషి పకపకా నవ్వాడు. "దొరలు గదండీ. ఇంకో రెండు కోసులు రాసుకుంటే కలకత్తా కూడా వచ్చీసును."

నా చెవులు కాలిపోయాయి. సర్వేయరు గారు కాయితం మడిచి నా చేతికిచ్చేశారు. తప్పుడు కొలత ఉన్న కాయితాన్ని తను చూపిస్తే అడవి శాఖ వారు మొత్తం కొట్టిపారేస్తారని, ఇక గెడ్డనే హద్దుగా రాయడం తప్ప దారి లేదని చెప్పారు. ఆయన కోపంగా చెప్పలేదు. అందుకే నాకు భయం వేసింది. నేను గడగడా చెప్పిన ఒక్క లెక్కతో పదకొండు ఇళ్ళు పోతున్నాయి. లెక్క మాత్రం మా ఇంట్లో అందరూ చెప్పే లెక్కే.

అప్పటిదాకా నోరు విప్పని సవర తాత, కాయితంలో ఏ నెల రాసుందో మళ్ళీ చదవమన్నాడు. చైత్రం అన్నాను. ఆయన తలూపాడు.

"ఇది మీ బడి కోసు కాదు బాబూ. మాది కొమ్మ కోసు. మద్ది కొమ్మ ఇరిసి సేత్తో పట్టుకుని నడుస్తాం. ఆకు వాడి యేలాడిపోతే కోసు. మళ్ళీ ఇంకో కొమ్మ. వానల్లో కోసు బారు, ఎండల్లో పొట్టి. అందికే నెల రాసినారు."

"కొండ ఎక్కేటప్పుడో?" అన్నారు సర్వేయరు గారు.

"ఎక్కుడుంటే కాలు ఆగుతాది, ఆకు ఆగదు గదా. ఇంకా పొట్టి. మా కోసు నేలని కొల్వదు బాబూ, కాళ్ళని కొలుస్తాది."

సర్వేయరు గారికి ఆ మాట నచ్చినట్టుంది. ఇప్పుడు నడుస్తున్నదీ చైత్రమే కాబట్టి నడిచి చూద్దామన్నారు. కాయితం చెప్పిన చోట మూడు గీతల రాయి ఉంటే రాస్తానన్నారు. రాయి ఒక్కటే చూపిస్తే చాలదు, కాయితం ఒక్కటే చూపిస్తే చాలదు, రెండూ ఒక చోట కలవాలి. మరి ఆకు వాడిందని ఎవరు చెప్పాలి? సవర తాత మద్ది కొమ్మ ఒకటి గొడ్డలితో కొట్టి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నాను సెప్తే అక్కడ నా ఇల్లుంది. బాబుకేమో మా ఆకు తెల్దు. ఈ దొరమ్మ సెప్తాది. ఈవిడికి ఇప్పుడు ఈ కొండ మీద ఏటీ నేదు."

ఆ మాటలో ఎగతాళి లేదు. ఉన్నది ఉన్నట్టు అన్నాడు. నాకు మాత్రం గొలుసు మనిషి నవ్వు కంటే అదే ఎక్కువ గుచ్చుకుంది.

నడక మొదలైంది. కొమ్మ నిటారుగా పట్టుకుని నేను, పక్కన సవర తాత, వెనక గొలుసు. దారి పొడుగునా ఆయన చోట్ల పేర్లు చెప్పుకుంటూ వచ్చాడు. బడిలో ఉన్న జిల్లా పటంలో మా కొండలు ఒట్టి ఆకుపచ్చ మచ్చ. ఆయన చెప్తుంటే ఆ మచ్చలో పది అడుగులకో పేరు లేచింది. దున్న జారిన మలుపు. మేనత్త అలిగి కూర్చున్న బండ. పంటలు పోయిన ఏట జీలుగు చెట్ల మొదళ్ళు నరికి, పిండి కొట్టి అంబలి కాచుకుని తాగిన చదును. ఒక పెద్ద రాయి దగ్గర ఆగి, ఇక్కడే మీ ముత్తాత పల్లకీ దింపేవారు అన్నాడు. ఎందుకు దింపేవారని అడిగాను.

"బోయీలు ఇంకెక్కనేరు. మీవోలు ఈ రాయి దాటి ఎప్పుడూ రానేదమ్మా. చింతపండు, తేని, సీపురు కట్టలు మావే ఇక్కడికి మోసుకొచ్చీవోలం."

అంటే ఆ ఆరు మైళ్ళు మా ఇంట్లో ఎవరూ నడవలేదు. తాతయ్య కూడా నడవలేదు. నా చేతిలో ఆకులు అప్పుడే కొసలు వంచుకుంటున్నాయి. కొంత దూరం పోయాక కొమ్మ ఎంత ఎత్తి పట్టుకున్నా అన్నీ వేలాడిపోయాయి. చెప్పాను. గొలుసు లెక్క ప్రకారం అది మైలుకి కాస్త ఎక్కువ. రెండో కొమ్మ నిలువు ఎక్కుడులో మైలైనా పోకుండానే వాడిపోయింది. అదీ చెప్పాను. సర్వేయరు గారు వాచీ చూసి పుస్తకంలో రాసుకున్నారు. రెండు కొమ్మలూ ఇంచుమించు ఒకే సమయం తీసుకున్నాయి.

మూడో కొమ్మ అందుకున్నప్పుడు నాకు లెక్క అర్థమైపోయింది. ఆరు మైళ్ళ కొండ కాస్తా మూడు మైళ్ళ లోపు తేలబోతోంది. అది కూడా నా చేతి మీదుగా. గోదాము వాసన భరించాం, గుమాస్తా ఉద్యోగం భరించాం. ఇంక ఈ కొండ పొడవు కూడా సగం చేసుకుని ఇంటికి పోవాలా అనిపించింది. గూడ సంగతి ఆ క్షణంలో నా తలలో లేదు. ఉందని చెప్తే అబద్ధం అవుతుంది.

గూడకి కాస్త కింద రాళ్ళ సందులో ఒక ఊట ఉంది. దాహం అని చెప్పి వెనకబడ్డాను. వాళ్ళు మలుపు తిరిగాక కొమ్మ మొదలు నీళ్ళలో ముంచాను. దోసిళ్ళతో ఆకులన్నీ తడిపాను. పరికిణీ అంచు పేలికగా చింపి, తడిపి కొమ్మ మొదలికి చుట్టి, గుప్పిట్లో దాచి పట్టుకున్నాను. తర్వాత ఏమీ ఎరగనట్టు పరుగెత్తుకెళ్ళి కలిశాను.

గూడ దాటాం. ఆకులు నిటారుగానే ఉన్నాయి. గూడ పైన పొదలున్న చదును దాటాం. అక్కడ సవర తాత నడక ఒక్క క్షణం తగ్గింది. నా కొమ్మ వైపు చూశాడు. ఆకు తలెత్తుకునే ఉంది. మళ్ళీ నడిచాడు. చివరికి కొండ మెడ మీదికి చేరాం. అవతల లోయ కనిపించింది. ఇంకో పది అడుగులు వేస్తే దిగుడే.

అక్కడ ఆయన కొమ్మ ఒకసారి ఇమ్మని తీసుకున్నాడు. మెల్లగా విదిల్చాడు. బండ మీద రెండు చుక్కలు పడి, చూస్తుండగానే ఆరిపోయాయి. అవి నేనూ ఆయనా తప్ప ఎవరూ చూడలేదు. కొమ్మ తిరిగి నా చేతిలో పెట్టేశాడు.

"బాబూ, కాలు పట్టీసినాది. పొగాకు నవుల్తాను, కూకుందాం" అని బండ మీద చతికిలబడ్డాడు.

పొద్దున్నించీ నిలువు ఎక్కుళ్ళలో ఆయాసం కూడా రాని మనిషి ఆయన. చాలాసేపు తిత్తి విప్పుతూ కూర్చున్నాడు. నా వైపు చూడలేదు. కిందికి చూస్తే గూడ కప్పులు కనిపిస్తున్నాయి. ఒకావిడ వాకిట్లో చాప మీద చోళ్ళు ఆరబోయడం ఆపి, చేతులు నడుమున పెట్టుకుని మా వైపే చూస్తోంది. ఏం తేలిందో తెలుసుకోవాలని ఆమెకు ఉంటుంది కదా. ఆయన నా మోసం చెప్తే నా సాక్ష్యం చెడిపోతుంది. చెప్పకపోతే ఇక్కడ రాయి దొరకదు, కాయితం అబద్ధమైపోతుంది. ఎటు చూసినా పోయేది వాళ్ళ కొంపలే. అది తెలిసే ఆయన నోరు మూసుకుని పొగాకు నవులుతున్నాడు. నాకోసం ఆగాడని నాకు అప్పుడు తట్టింది.

సర్వేయరు గారు వాచీ చూసుకుని, ముందు రెండు కొమ్మల కంటే ఇది చాలాసేపు నిలిచిందే అన్నారు. గొలుసు మనిషి, దొరల సేతిలో ఆకు కూడా దర్జాగా ఉంటాదండీ అన్నాడు.

నేను నిలబడే ఉన్నాను. కొమ్మ మొదలికి చుట్టిన తడి పేలిక విప్పి చూపించాను. ఊట దగ్గర తడిపానని, కొండ పెద్దది కావాలని తడిపానని చెప్పాను. తడపకపోతే చాలా కిందే వాడిపోయేదని చెప్పాను. నా గొంతు నాకే వినపడనంత చిన్నగా వచ్చింది. మళ్ళీ పెద్దగా చెప్పమంటారేమోనని భయపడి, వాళ్ళు అడగకుండానే మళ్ళీ పెద్దగా చెప్పాను.

గొలుసు మనిషి ఈసారి నవ్వలేదు. సర్వేయరు గారు పుస్తకం ఒకసారి మూసి తెరిచారు.

"ఇన్నేళ్ళుగా కొండలు కొలుస్తున్నాను. హద్దు పెంచుకోవడానికి అబద్ధం చెప్పినవాళ్ళే గానీ, తగ్గించమని నిజం చెప్పినవాళ్ళు దొరకలేదు. పదండి, మూడో కొమ్మ మళ్ళీ నడుద్దాం."

రెండో కొమ్మ వాడిన చోటుకి అంతా వెనక్కి దిగాం. ఈసారి కొమ్మ గొలుసు మనిషి చేతికిచ్చారు.

"నాకెందుకండీ, ఆకంటే నాకు ఇస్తరాకే తెలుసు" అని గొణుక్కుంటూనే దాన్ని దేవుడి ఊరేగింపులో గొడుగులా పట్టుకుని నడిచాడు.

ఊట దగ్గర అందరూ నన్నే చూశారు. నేను నీళ్ళు తాగకుండా దాటాను. గూడ దాటి కాస్త పైకి ఎక్కేసరికి ఆకులన్నీ ఒక్కసారిగా వేలాడిపోయాయి. సర్వేయరు గారు అక్కడే కర్ర పాతించారు. అందరం వెతికాం. పొదలున్న చదునులో, కర్రకి ముప్ఫై అడుగుల పైన, మట్టిలో సగం కూరుకుపోయిన రాయి దొరికింది. సవర తాత గొడ్డలి మడమతో మట్టి గోకాడు. మూడు గీతలు బయటపడ్డాయి. పొద్దున నేను తడి కొమ్మ పట్టుకుని దాని పక్కనించే దాటిపోయాను.

ముప్ఫై అడుగుల తేడా ఎండ తేడా అని సర్వేయరు గారు రాసుకున్నారు. రాయి ఇక్కడుందని ముందే తెలుసా అని సవర తాతని అడిగారు.

"తెల్సు బాబూ. నాను సెప్తే నువ్వు రాస్తావేటి?"

సర్వేయరు గారు పుస్తకం తెరిచారు. గూడ మూడు గీతల రాయికి దిగువన, ముఠా హద్దులో ఉన్నట్టు రాసి, ఆయన చేత వేలిముద్ర వేయించుకున్నారు. దిగేటప్పుడు సవర తాత ఆ తడి కొమ్మ ఊసు ఎత్తలేదు. నునుపు బండల దగ్గర మాత్రం వెనక్కి తిరిగి, "కాలు సూసుకుని ఎయ్యే గుంటా" అని కసిరాడు. మా వైపు గుంట అంటే పిల్ల. అంతవరకు కొండ మీద నన్నెవరూ అలా కసరలేదు.

ఇంటికి వచ్చేసరికి తాతయ్య అరుగు మీద నిటారుగా కూర్చుని ఉన్నారు. మా కొండ మూడు మైళ్ళ కంటే తక్కువని చెప్పాను. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. ఊట దగ్గర చేసిన పని కూడా చెప్పాను. అప్పుడు ఆయన చేతికర్రని ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నారు. ఎవరెవరి ముందు ఒప్పుకున్నావని అడిగారు. అందరి ముందూ అన్నాను.

"కూర్చుని చెప్పావా, నిలబడి చెప్పావా?"

"నిలబడే చెప్పాను తాతయ్యా."

"సరే. కాళ్ళు కడుక్కుని భోజనానికి రా."

అంతే. ఆ తర్వాత మా ఇంట్లో ఆరు మైళ్ళ మాట ఆయన నోట మళ్ళీ వినలేదు. కొన్నాళ్ళకి గూడవాళ్ళకి పట్టాలు వచ్చాయి. ఆ ఏటి మొదటి కాపు పనసకాయ ఒకటి మా ఇంటికి తెచ్చారు. తాతయ్య లేచి నిలబడి అందుకున్నారు. ఆయన ఎవరి ముందైనా లేవడం నేను చూసింది అప్పుడే.

ఆ రోజు నుంచి నాతో ఉండిపోయింది ఒక్కటే. మా వంశం గొప్ప ఎవరైనా చెప్పమంటే, నేను స్వయంగా నడిచినంత వరకే చెప్తాను. నడవని దాని గురించి నాకు తెలియదంటాను. దీనివల్ల బంధువుల్లో నాకు మంచి పేరేమీ లేదు. ఈ మధ్య మా వాళ్ళందరూ కలిసి వంశచరిత్ర పుస్తకం వేస్తున్నారు. కొండ హద్దుల అధ్యాయం నన్ను రాయమన్నారు. ఉన్నది ఉన్నట్టు రాసిచ్చాను. మూడు కొమ్మ కోసులు, చివరి కోసు రెండుసార్లు నడిచాం, మొదటిసారి నేను ఆకు తడిపాను. పొడవు సంగతి ఎలాగో సర్దుకుంటాం గానీ, ఆ చివరి వాక్యం తీసేయమని మా తమ్ముడి కొడుకు మూడుసార్లు ఫోను చేశాడు. అది తీసేస్తే మిగతాది నమ్మాల్సిన పని ఎవరికీ ఉండదని, తీసేసేటట్టయితే కింద నా పేరు వేయొద్దని చెప్పాను. పుస్తకం ఇంకా అచ్చుకి వెళ్ళలేదు.